పది కణుపుల అగ్గికర్ర

మన జానపద చిత్రాల్లో మంత్రదండం ఎవరి చేతిలో ఉంటుందో ఎప్పుడైనా గమనించారా?

మాంత్రికుడి చేతిలో! హీరోకి కత్తి ఇస్తారు. హీరోయిన్‌కి పూలసజ్జ ఇస్తారు. హాస్యనటుడికి ఏమీ ఇవ్వరు, వాడే ఏదో ఒకటి కాజేస్తాడు. దండం మాత్రం గుహలో పుర్రెల మధ్య కూర్చున్న గడ్డపాయనకే! 1951లో కె.వి.రెడ్డి గారు ‘పాతాళభైరవి’ తీసినప్పుడు మంత్రాలూ తంత్రాలూ అన్నీ ఎస్.వి.రంగారావు గారి నేపాళ మాంత్రికుడి పక్షాన పెట్టారు. రామారావు గారి తోటరాముడి దగ్గరున్నది సాహసం ఒక్కటే. ఆ లెక్క జనానికి నచ్చింది. ఆ తర్వాత జానపద బ్రహ్మ విఠలాచార్య గారు ఆ లెక్కనే పట్టుకుని ఎన్ని సినిమాలు తీశారో మీకు నేను చెప్పక్కర్లేదు. ‘అగ్గిపిడుగు’ (1964), ‘అగ్గిబరాటా’ (1966), ‘అగ్గిదొర’ (1967), ‘అగ్గివీరుడు’ (1969)... పేర్లలోనే అంత అగ్గి రాజేసిన పెద్దమనిషి ఆయన. అయినా ఒక మంచి సన్న్యాసి చేతికి అగ్గికర్ర ఇచ్చి కథ నడిపిన సినిమా నాకు గుర్తున్నంతలో లేదు.

ఈ మాట నాకెందుకు తట్టిందో చెబుతాను. ఓ దర్శకుడు (పేరు చెప్పను, చెబితే ఆయన మళ్ళీ ఫోను చెయ్యడు) ఒకరోజు పొద్దున్నే ఫోను చేసి, “కర్ర పాయింటు ఏదైనా ఉందా?” అన్నారు. 2025లో ‘మిరాయ్’ వచ్చి, తేజ సజ్జా చేతిలో దండం జనానికి నచ్చిన దగ్గర్నుంచి అందరికీ కర్ర కథలే కావాలి. మన పరిశ్రమ సంగతి తెలుసుగా! కుక్క సినిమా ఆడితే పది కుక్కలు, కర్ర సినిమా ఆడితే పది కర్రలు.

“ఉందండీ, వారం రోజుల్లో చెబుతాను” అన్నాను.

లేదు. ఫ్రీలాన్సు విలేకరి దగ్గర ఎప్పుడూ ‘ఉందండీ’ అనే మాట ఒక్కటే ఉంటుంది.

సొరంగాల్లో పాచికలు

సరిగ్గా ఆ వారమే మా అక్క కొడుకు అరకు వెళ్తున్నానన్నాడు. విశాఖలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. క్లాసులో అరకు కుర్రాడొకడు ఉన్నాడట, వాళ్ళింట్లో రెండు రాత్రులు మకాం. “నువ్వు కూడా రా మావయ్యా, వలిసె పూలు పూశాయి, ఫొటోలు తీసుకుని ఏదో పత్రికలో పడేసుకుందువు గాని” అన్నాడు. వాడి దృష్టిలో నా వృత్తి అదీ!

కిరండూల్ పాసింజరు ఎక్కాం. ఈ రైలు మార్గం 1960లలో మనలాంటి షికారు రాయుళ్ళ కోసం వెయ్యలేదు లెండి. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దింపి జపాన్‌కి ఎగుమతి చెయ్యడానికి వేశారు. కొత్తవలస దాటి కొండ ఎక్కడం మొదలెడితే సొరంగం తర్వాత సొరంగం. ప్రతి సొరంగంలోనూ పెట్టెలో ఉన్న కుర్రకారంతా కేకలు వెయ్యడం ఆచారం. మా వాడూ, వాడి ఇద్దరు మిత్రులూ మాత్రం కేకలు వెయ్యకుండా సీటు మీద వింత వింత పాచికలు పరిచారు. నాలుగు ముఖాలది, ఆరుది, ఎనిమిదిది, పన్నెండుది... చివరికి ఇరవై ముఖాలది! బొర్రా చేరేలోపల ఆ ఇరవై ముఖాలది మూడుసార్లు సీటు కిందికి దొర్లింది. మూడుసార్లూ నేనే వంగి తీశాను.

“ఇదేమి జూదంరా?” అన్నాను.

“జూదం కాదు మావయ్యా. డంజన్స్ అండ్ డ్రాగన్స్!”

పేరు విన్నవాళ్ళు మీలో చాలామందే ఉంటారు. విననివాళ్ళకి నేను అర్థం చేసుకున్న పద్ధతిలో చెబుతాను. సినిమావాళ్ళ స్టోరీ సిట్టింగు చూశారా? ఒకాయన మధ్యలో కూర్చుని, “ఇప్పుడు హీరో కోట గుమ్మం దగ్గరికొచ్చాడు...” అంటాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తలో మాటా అందిస్తారు. ఈ ఆటా అచ్చం అంతే. మధ్యలో కూర్చున్నాయన్ని డంజన్ మాస్టర్ అంటారు. మన నాటకాల భాషలో సూత్రధారి. మిగతావాళ్ళు తలో పాత్రా తీసుకుంటారు. సూత్రధారి సన్నివేశం చెబుతాడు, పాత్రధారులు ఏం చేస్తారో చెబుతారు, అది జరుగుతుందో లేదో పాచిక చెబుతుంది. స్టోరీ సిట్టింగుకీ దీనికీ ఒక్కటే తేడా. అక్కడ కథ ఎటు తిరిగినా చివరికి హీరోగారి డేట్ల మీద ఆగుతుంది, ఇక్కడ పాచిక మీద ఆగుతుంది. నన్నడిగితే పాచికే నయం!

ఈ ఆటని 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అచ్చు వేశారు. మరుసటి ఏడాది, 1975లో, ‘బ్లాక్‌మూర్’ అనే అనుబంధ పుస్తకంలో ‘మాంక్’ అనే పాత్ర వచ్చింది. కవచం తొడగడు, ఒట్టి చేతులతో, కర్రతో పోరాడే సన్న్యాసి. బ్రూస్ లీ ‘ఎంటర్ ది డ్రాగన్’ 1973లో వచ్చిందని గుర్తు చేసుకుంటే ఆ రోజుల గాలి ఎటు వీస్తోందో మీకే తెలుస్తుంది. 1978లో ‘థర్టీ సిక్స్‌త్ ఛాంబర్ ఆఫ్ షావోలిన్’లో గుండు కొట్టించుకున్న గోర్డన్ లియూని చూసినవాళ్ళకి ఈ మాంక్ గురించి ఇంకేం చెప్పక్కర్లేదు.

మా వాడి పాత్ర ఆ మాంకే. పేరు అగ్గిరాముడు!

“ఆ పేరుతో 1954లోనే రామారావు, భానుమతి గార్ల సినిమా వచ్చింది తెలుసా?” అన్నాను.

తెలియదు. తెలిసినా వాడికి పట్టదు. వాడి దిగులు వేరే ఉంది. పేరులో అగ్గి ఉంది గాని చేతిలో లేదు!

రూలు పుస్తకంలో మెలిక

ఇక్కడ కొంచెం శ్రద్ధగా చదవండి, కథంతా ఈ మెలికలోనే ఉంది.

ఆ ఆటలో ‘స్టాఫ్ ఆఫ్ ఫైర్’ అనే దండం ఒకటుంది. 2014 నాటి రూలు పుస్తకం ప్రకారం దాన్లో పది ‘ఛార్జీ’లుంటాయి, తుపాకీలో గుళ్ళనుకోండి. ఒక ఛార్జీకి చేతుల్లోంచి మంటలు చిమ్ముతాయి. మూడు ఛార్జీలకి నిప్పు బంతి పడి, ఇరవై అడుగుల దూరం చుట్టూతా భస్మం. నాలుగు ఖర్చు పెడితే నిప్పు గోడ లేస్తుంది. చేతిలో ఉన్నంతసేపూ పట్టుకున్నవాడికి మంట దెబ్బ సగమే తగులుతుంది. తెల్లారేసరికి ఓ ఆరుముఖాల పాచిక వేసి, దానికి నాలుగు కలిపితే ఎంతో, అన్ని ఛార్జీలు తిరిగొస్తాయి. మహా అయితే చివరి ఛార్జీ వాడినప్పుడు మాత్రం ఇరవై ముఖాల పాచిక వెయ్యాలి. ఒకటి పడిందా, దండం నల్లబడి, పొడి పొడై, బూడిదైపోతుంది!

బాగుంది కదూ? కాని దాన్ని పట్టే అర్హత మంత్రగాళ్ళకీ, వాళ్ళ బాపతు నాలుగు రకాలవాళ్ళకే. మాంక్‌కి లేదు. మాంక్ అనేవాడు మామూలు కర్ర పట్టుకోవచ్చు. ఒంటి చేత్తో కొడితే ఆరుముఖాల పాచిక, రెండు చేతులా కొడితే ఎనిమిదిది. అంతే సంగతులు.

“చూశావా మావయ్యా అన్యాయం! కర్ర తిప్పడం వచ్చినవాడికి నిప్పు లేదు. నిప్పున్నవాడికి కర్ర తిప్పడం రాదు” అన్నాడు మా వాడు.

నేను సీట్లోంచి లేచి కూర్చున్నాను. ఇది అచ్చం విఠలాచార్య గారి లెక్కే! అమెరికా వాళ్ళు కూడా దండాన్ని మాంత్రికుడికే ఇచ్చారన్నమాట.

“మరి ఏం చేద్దామని?”

“మనమే కొత్త దండం కల్పించుకోవచ్చు. సూత్రధారి ఒప్పుకోవాలి. వాడు అరకులో ఉన్నాడు. మహా పిసినారి మావయ్యా, ఊరికే ఒక్క పాచిక కూడా ఇవ్వడు.”

శిమిలిగుడ వచ్చింది. వెయ్యి మీటర్లకి కాస్త తక్కువ ఎత్తులో ఉన్న ఆ చిన్న స్టేషన్లో చలి మొదలైంది.

బొంగు దగ్గర బేరం

ఆ పిసినారి స్టేషనుకొచ్చి మమ్మల్ని ఆటో ఎక్కించాడు. సన్నగా, నెమ్మదిగా ఉన్నాడు. కొటియా వాళ్ళ కుర్రాడు. ఇంట్లో ఆదివాసీ ఒడియా, మాతో తెలుగు, ఆటలో ఇంగ్లీషు. మూడింటిలోనూ మాట పొదుపే. తన పేరు పత్రికలో వెయ్యవద్దన్నాడు గనక సూత్రధారి అనే పిలుస్తాను.

వాళ్ళ ఊరు అరకు నుంచి కొంత లోపలికి. దారికి అటూ ఇటూ వలిసె చేలు పసుపు ఆరబోసినట్టున్నాయి. చీకటి పడ్డాక ఇంటి ముందు నిప్పు వేశారు. సూత్రధారి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడిమాంసం కూరి, మూతికి ఆకు బిగించి నిప్పుల మీద పడుకోబెట్టాడు. మీరు టూరిస్టులై వెళ్ళి తిన్న బొంగు చికెనే! పచ్చి వెదురు గనక వెంటనే అంటుకోదు. దాన్లో నీరు ఆవిరయ్యేదాకా లోపలి కూరని కాపాడుతుంది. పైన మాత్రం నల్లగా మాడుతుంది.

మా వాడు అప్పుడు దండం సంగతి కదిపాడు. సూత్రధారి వెంటనే కాదన్లేదు.

“నిప్పు బంతి కావాలా?”

“కావాలి.”

“ఇరవై అడుగుల చుట్టుకొలతా?”

“చుట్టుకొలత కాదు, మధ్యనుంచి చుట్టూతా ఇరవై!”

“ఎక్కడ వేస్తావు? మన కథ జరిగేది కొండ మీద. చుట్టూ వెదురు. ఎండాకాలంలో మా కొండ మీద చిన్న నిప్పు పడితే ఏటవుద్దో నీకు తెల్దు” అన్నాడు.

మా వాడు నా వైపు చూశాడు. నేను బొంగు వైపు చూశాను.

సూత్రధారి నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. నిప్పంటే వాళ్ళకి బొమ్మల్లో చూసేది కాదు. పోడు కొట్టినప్పుడు ఎప్పుడు అంటించాలో, గాలి ఎటుందో, ఎంతవరకు పోనివ్వాలో పెద్దవాళ్ళు చూసి చెబుతారు. ఆ పోడు మీదే ఒకప్పుడు తెల్లదొరలు ఆంక్షలు పెట్టారు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం దగ్గర్నుంచి కొండవాళ్ళకి కష్టాలు ముదిరాయి. చివరికి అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడ్డాడు. 2022లో విడదీసిన జిల్లాకి ఆయన పేరే పెట్టారు. అరకు ఉన్నది అందులోనే.

“సన్న్యాసి వేషంలో ఉండి నిప్పు పుట్టించినాయన మా కొండల్లో ఒకాయన ఉన్నాడు కదండి. ఆయన చేతిలో మంత్రదండం ఏటీ లేదు” అన్నాడు నాతో.

1974లో కృష్ణ గారు ఆ పాత్ర వేసిన సినిమాస్కోపు చిత్రాన్ని మా ఊరి హాల్లో ఎన్నో ఏళ్ళ తర్వాత రీరిలీజులో చూశాను. తెరంతా నిండిన ఆ కాషాయం రంగు నాకిప్పటికీ గుర్తే. ఆ మాటే అన్నాను. “మా తాత కూడా చూశాడండి” అన్నాడు, అంతే.

ఈ లోపల నిప్పుల్లో ఢామ్మని పేలింది. పట్నం కుర్రాళ్ళు ముగ్గురూ ఎగిరిపడ్డారు! నేనూ ఎగిరిపడ్డాను, దాచడమెందుకు. పొయ్యిలో పడ్డ ఎండు వెదురు ముక్క అది. రెండు పక్కలా కణుపు మూసుకుని ఉంటే లోపలి గాలి, తేమ వేడెక్కి పేలుతుంది. అందుకే బొంగు వండేటప్పుడు ఒక మూతి కోసి ఆకు పెడతారు.

సూత్రధారి ఆ ముక్కని చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు:

“సరే. ఇస్తాను. వెదురు కర్ర. పది కణుపులు. ఒక దెబ్బకి ఒక కణుపు పేలుద్ది, నల్లబడుద్ది. నిప్పు బంతికి మూడు కణుపులు. కాని తెల్లారితే తిరిగి నిండదు.”

“మరెలా నిండుతుంది?” మా వాడి గొంతులో ఏడుపు ఒక్కటే తక్కువ.

“మాంత్రికుడిదైతే ఊరికే నిండుద్ది. నువ్వు సన్న్యాసివి కదా. అడుక్కోవాలి.”

నిప్పు భిక్ష

ఇక్కడే నేను జేబులోంచి పెన్ను తీశాను.

సూత్రధారి పెట్టిన రూలు ఇది. అగ్గిరాముడు ఏదో ఒక ఇంటి ముందు నిలబడి నిప్పు అడగాలి. ఆ ఇంటివాళ్ళు తమ పొయ్యిలోంచి ఒక నిప్పుకణిక ఇస్తే ఒక కణుపు తిరిగి పచ్చబడుతుంది. ఇంటికి ఒక్కటే. బెదిరించి తీసుకుంటే లేదు. దొంగిలించినా లేదు. ఇవ్వమంటే నోరు మూసుకుని పక్కింటికి పోవాలి!

మీ నాయనమ్మల్ని, అమ్మమ్మల్ని అడిగి చూడండి. అగ్గిపెట్టె పిసరంత ఖరీదైన రోజుల్లో ప్రతి ఊళ్ళోనూ పక్కింటికెళ్ళి ఓ నిప్పుముక్క తెచ్చుకోవడం మామూలే. సూత్రధారి వాళ్ళ అవ్వ ఇప్పటికీ రాత్రి పొయ్యిలో నిప్పుల మీద బూడిద కప్పి పడుకుంటుంది. పొద్దున్నే బూడిద తొలగించి ఊదితే చాలు, రాజుకుంటుంది. నివురుగప్పిన నిప్పు అనే మాట మనం సినిమా డైలాగుల్లో ఎన్నిసార్లు వాడామో! కళ్ళతో చూడ్డం నాకదే మొదటిసారి.

సన్న్యాసికీ నిప్పుకీ చుట్టరికం ఇవాళ్టిది కాదు. రామాయణంలో వశిష్ఠుడి బ్రహ్మదండం సంగతి వినే ఉంటారు. విశ్వామిత్రుడు ఉన్న అస్త్రాలన్నీ వేస్తాడు. ముసలి రుషి పొగలేని నిప్పులా వెలుగుతున్న దండాన్ని అడ్డం పెట్టి నిలబడతాడు, అంతే. బ్రహ్మాస్త్రంతో సహా అన్నిటినీ ఆ దండం మింగేస్తుంది. అది కొట్టే దండం కాదు, ఓర్చే దండం! ప్రపంచంలో మాంక్‌కి అగ్గికర్ర ఎవరైనా రాసి ఉంటే మనవాళ్ళే ముందు రాశారని నేనంటే మా వాడు సంతోషించి, “అయితే శత్రువు నిప్పు వేస్తే నా కర్ర మింగాలి, ఒక కణుపు నిండాలి” అని కొత్త బేరం పెట్టాడు. సూత్రధారి కాసేపు ఆలోచించి సగం ఒప్పుకున్నాడు. మింగుతుంది గాని నిండదు!

బౌద్ధ భిక్షువుల సంగతి వేరు. విశాఖ నుంచి భీమిలి పోయే దారిలో తొట్లకొండ ఉంది. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల ఆ పేరు. 1976లో నౌకాదళం వాళ్ళు విమానంలోంచి సర్వే చేస్తుంటే ఆ ఆనవాళ్ళు బయటపడ్డాయి. రెండు వేల ఏళ్ళ కింద అక్కడ సముద్రం చూస్తూ భిక్షువులు బతికారు. వాళ్ళ చేతిలో భిక్షాపాత్ర. వాళ్ళ గురువు నిప్పు గురించి చెప్పిన ఉపదేశం ఒకటి ప్రసిద్ధం. గయ దగ్గర కొండ మీద, అంతకు ముందు అగ్నిని పూజించే జటాధారులు వెయ్యిమందిని కూర్చోబెట్టి, కన్ను మండుతోంది, కన్ను చూసేదీ మండుతోంది, ఆశతో, ద్వేషంతో, మోహంతో మండుతోంది అన్నాడట బుద్ధుడు. అగ్నిహోత్రుల సభలో అగ్ని మీదే ప్రసంగం! ఎంత ధైర్యమో చూడండి.

ఇదంతా నేను ఆ రాత్రి వాళ్ళకి చెప్పాను. ముగ్గురు విన్నారు. మా వాడు బొంగు చీల్చుకుని తింటున్నాడు.

చివరి కణుపు

ఆట మొదలైంది. కథ ఇది. మంచు మాంత్రికుడొకడు లోయ మీద పొగమంచు దింపి, ఊరూరా పొయ్యిల్లో వెచ్చదనం లాగేసుకుంటున్నాడు. అరకులో డిసెంబరు రాత్రి కూర్చుని వింటుంటే ఇది కల్పన అని నమ్మడం కష్టం! అగ్గిరాముడు, ఓ విలుకాడు, ఓ దొంగ, ముగ్గురూ వాణ్ణి వెతుక్కుంటూ బయల్దేరారు.

మొదటి అరగంటలో మా వాడు ఆరు కణుపులు పేల్చేశాడు. సినిమా చూసి పెరిగిన చెయ్యి మరి! రెండు నిప్పు బంతులు. రెండోదానికి నాలుగు తోడేళ్ళు చచ్చాయి గాని, పక్కనున్న వెదురు పొద అంటుకుంది. సూత్రధారి ఏమీ అనలేదు, పాచిక వేసి, “గాలి ఊరివైపుంది” అన్నాడు. ఇక ఆ మంట ఆర్పడానికే గంట పట్టింది. మాంత్రికుడు అటు పోయాడు. మా వాడి ముఖం చూడాలి!

తర్వాత భిక్ష. మొదటి ఇంట్లో ఇవ్వలేదు. “పొద తగలబెట్టిన సామి నువ్వేనా?” అని సూత్రధారి ముసలమ్మ గొంతుతో అడిగితే మేమంతా పడి పడి నవ్వాం. రెండో ఇంట్లో నిప్పే లేదు. మూడో ఇంట్లో ఇచ్చారు. ఒక కణుపు. వాడు దాన్ని ఎంత జాగ్రత్తగా కాగితం మీద రాసుకున్నాడో! పుస్తకం రూలు ప్రకారం పొద్దున్నే ఊరికే వచ్చే పది కణుపుల్లో ఒక్కటికైనా ఆ విలువ ఉండేది కాదు.

రాత్రి పదకొండున్నరకి కథ ముదిరింది. మాంత్రికుడు దొరికాడు. విలుకాడి బాణం తగిలి, కుంటుతూ రాళ్ళ మీదికి పాకుతున్నాడు. అగ్గిరాముడి కర్రలో మిగిలింది ఒకే ఒక్క కణుపు. ఒక్క దెబ్బ! పడితే కథ కంచికి.

అప్పుడు సూత్రధారి గొంతు తగ్గించాడు. వెనక గుడిసెలోంచి ఒక మనిషి పరుగెత్తుకొచ్చింది. ఇంట్లో కోడలు ఇప్పుడే ప్రసవించింది. ఊరు మొత్తం మీద పొయ్యిల్లో ఒక్క నిప్పుకణిక లేదు. బిడ్డ చల్లబడిపోతోంది. “సామీ, నీ కర్రలో నిప్పుందంట కదా. కాస్త ఇయ్యి.”

ఇప్పటిదాకా వీడు అడుక్కున్నాడు. ఇప్పుడు వీణ్ణి అడుగుతున్నారు.

“కొట్టరా! ముందు వాణ్ణి కొట్టు!” అన్నాడు విలుకాడు. “వాడు చస్తే పొయ్యిలన్నీ వాటంతటవే వెలుగుతాయేమో!” అన్నాడు దొంగ. సూత్రధారి మొహంలో ఏ భావమూ లేదు. వెలుగుతాయనీ అనలేదు, వెలగవనీ అనలేదు.

నేను జానపద సినిమాలు వందల కొద్దీ చూశాను. అలాంటి చోట ఏం జరుగుతుందో నాకు తెలుసు. హీరో రెండూ చేస్తాడు! ఒక చేత్తో మాంత్రికుణ్ణి చంపి, రెండో చేత్తో బిడ్డని ఎత్తుకుంటాడు. హాలంతా ఈలలు. కాని ఇక్కడ కణుపు ఒక్కటే ఉంది.

మా వాడు చాలాసేపు కర్ర బొమ్మ గీసుకున్న కాగితం వంకే చూశాడు. ఇంట్లో అన్నం దగ్గర రెండు నిమిషాలు కుదురుగా కూర్చోని వెధవ. చివరికి, “పొయ్యి వెలిగిస్తాను” అన్నాడు. ఎవరివైపూ చూడలేదు.

చివరి కణుపు గనక ఇరవై ముఖాల పాచిక వెయ్యాలి. ఒకటి పడితే దండం బూడిద. వాడు చేతులు రుద్దుకుని, ఊది, విసిరాడు.

పాచిక అరుగు మీద రెండు గంతులేసి, దొర్లి, దొర్లి... నిజం నిప్పుల్లో పడింది!

అందరం ఒక్కసారి లేచాం. అవ్వ ఎప్పుడొచ్చి మా వెనక కూర్చుందో గాని, మాకంటే ముందు పట్టకారుతో దాన్ని తీసి బయట పడేసింది. ప్లాస్టిక్కు పాచిక. ఒకవైపు జారిపోయి ముద్దయింది. పైన ఏ అంకె ఉందో తెలియడం లేదు. అవ్వ ఏదో అంది. సూత్రధారి నవ్వాడు, ఆ రెండు రోజుల్లో అదే మొదటిసారి.

“ఏమన్నారు?” అని అడిగాను.

“నిప్పుతో ఆడుకునేవాళ్ళు చెక్క పాచికలైనా చేసుకోరాదా అంటోందండి.”

చెక్కవైతే మరీ తొందరగా కాలతాయని నాకనిపించింది గాని, పెద్దావిడతో వాదమెందుకని ఊరుకున్నాను.

మరి దండం ఉన్నట్టా, పోయినట్టా? సూత్రధారి ఆ కరిగిన పాచికని అటూ ఇటూ తిప్పి చూసి, “కర్ర ఉంది. అందులో నిప్పు లేదు. మళ్ళీ అడుక్కోవాల” అన్నాడు. మాంత్రికుడు తప్పించుకున్నాడు. ఆ రాత్రికి ఆట సమాప్తం.

అడగాల్సిన మాట

నాకు నిద్ర పట్టలేదు. చలి ఒక కారణం. రెండోది, నా నోట్‌బుక్కులో ఒక సినిమా కథ తయారై ఉంది! పది కణుపుల కర్ర, నిప్పు భిక్ష, చివరి కణుపు. దర్శకుడు వారం గడువిచ్చారు, నాలుగు రోజులైంది. ఆ కుర్రాడికి సినిమావాళ్ళెవరూ తెలియదు. నేను చెప్పకపోతే తెలిసేదీ లేదు. మన పరిశ్రమలో పాయింటు అనేది గాల్లో ఎగురుతుంటుందనీ, పట్టుకున్నవాడిదేననీ చెప్పేవాళ్ళని నేను చాలామందిని చూశాను. ఒకటి రెండుసార్లు నా పాయింట్లూ అలాగే ఎగిరిపోయాయి. అయినా ఆ రాత్రి ఒక గంటసేపు నేనూ అలాగే ఆలోచించాను. చెప్పుకోడానికి సిగ్గే.

పొద్దున్నే అవ్వ బూడిద తీసి నిప్పు ఊదుతుంటే సూత్రధారి పక్కన కూర్చుని అడిగేశాను. “ఆ కర్ర కథ నాకిస్తావా? నీ పేరుతోనే చెబుతాను.”

ఆ కుర్రాడు ఆశ్చర్యపోలేదు. “అడిగారు గదండి, తీసుకోండి. పేరు వద్దు గాని, రెండు షరతులు” అన్నాడు. ఒకటి, కథ ఈ కొండల్లోనే జరగాలి. హిమాలయాలకి పట్టుకుపోకూడదు. రెండోది చెప్పేముందు కాస్త ఆగాడు. “మావోళ్ళకి తలల మీద ఈకలు పెట్టించి, ముఖాన రంగులు పూసి, అర్థం లేని కూతలు కూయించకండి. మా ఊళ్ళో ఎవడూ అలాగ ఉండడు. చిన్నప్పుడు టీవీలో అలాంటి సినిమా వస్తే మేం కూడా నవ్వీవోళ్ళం. ఆళ్ళు మేమే అని తర్వాత తెలిసింది.”

నేను తలూపాను. ఆ పాటలు మనమంతా చూసినవే. మనమంతా చప్పట్లు కొట్టినవే. అలాంటి పాటల మీద నేనే ఒకప్పుడు మెచ్చుకుంటూ రాశాను కూడా.

విశాఖ తిరిగొచ్చాక దర్శకుడికి ఫోన్లోనే కథ చెప్పాను. మధ్యలో రెండుసార్లు “బాగుంది” అన్నారు. అంతా విని, “పాయింటు అదిరిందోయ్! కాని ఆ బిడ్డ సీన్లో మాంత్రికుణ్ణి కూడా చంపేద్దాం. మఠం ఎక్కడో మంచు కొండల్లో పెడదాం, సీజీ బాగా పండుతుంది. అరకులో గిరిజనులతో మాస్ పాట ఒకటి వేద్దాం” అన్నారు.

“ఒకసారి అడిగి చెబుతానండి” అన్నాను.

“ఎవర్ని అడుగుతావు?” అన్నారు.

చెప్పాను. కాసేపు నవ్వి పెట్టేశారు. మళ్ళీ చెయ్యలేదు. సూత్రధారికి సంగతి చెబితే, “అయితే పత్రికలో రాసుకోండి సార్, ఆ రెండు షరతులూ దీనికీ వర్తిస్తాయి” అన్నాడు. అందుకే ఇది మీ చేతిలో ఉంది.

మా వాడు వచ్చే శనివారానికి నన్ను కూడా ఆటలోకి రమ్మంటున్నాడు. మాంత్రికుడింకా దొరకలేదు. నాకొక ముసలి బుర్రకథ చెప్పేవాడి పాత్ర ఇస్తారట. ఆయుధం లేదు!

వచ్చేముందు సూత్రధారి నా చేతికి ఒక వెదురు కర్ర ఇచ్చాడు, గుర్తుగా ఉంచుకోమని. ఇంటికొచ్చి బల్ల మీద పెట్టి కణుపులు లెక్కపెట్టాను. తొమ్మిదే ఉన్నాయి. ఫోను చేసి అడిగాను, ఒకటి తక్కువైందేమని.

“పదోది మా అవ్వ పొయ్యిలో పెట్టేసిందండి” అన్నాడు.